అద్దె కారులో చంద్రగిరి

"నేను చెన్నై వాణ్ణి. మీరే ఆంధ్రా" అన్నాడు మావాడు. ఆదివారం అపార్ట్‌మెంట్ పిల్లల క్రికెట్ మ్యాచ్ మానేసి మాతో చంద్రగిరి కోటకి రమ్మన్నందుకు. కోపంగా అని ఉంటే నేనూ నాలుగు కేకలేసి తేల్చుకునేదాన్ని. ఆధార్ కార్డులో అడ్రసు చదివినంత మామూలుగా అన్నాడు.

నిజానికి వాడు అన్నదాంట్లో అబద్ధమేముంది? పుట్టిందిక్కడ, స్నేహితులిక్కడ. తమిళనాడులో 2006 నాటి చట్టంతో బళ్ళలో తమిళం తప్పనిసరి అయింది కాబట్టి తమిళం ఒకటో తరగతి నుంచీ చదువుతున్నాడు. తెలుగు అంటే వాడికి ఇంట్లో తిట్లు, అమ్మమ్మ ఫోను, ఆదివారం పొద్దున ఆన్‌లైన్ క్లాసు. ఆ క్లాసు కూడా నా మొండితనం వల్లే నడుస్తోంది. చేతిలో నోట్సు పెట్టి కూర్చోబెడతాను. పక్క గదిలోంచి పనమ్మాయితో తమిళంలో నేనే గట్టిగా మాట్లాడుతుంటాను. "అమ్మా, తెలుగు క్లాస్ జరుగుతోంది" అని వాడు అరుస్తాడు.

అయినా కారు మాట్లాడేశాను. రోజంతా మనదే, పొద్దున్నే బయల్దేరితే రాత్రికి ఇల్లు. మా అత్తయ్యకి విషయం తెలియగానే కొత్త పేచీ మొదలైంది. "తిరుపతి దాకా వెళ్ళి కొండెక్కకుండా వస్తారా? ఎక్కడైనా విన్నామా ఈ చోద్యం?" దర్శనానికి టికెట్లు లేవు, ఒక్క రోజులో అయ్యే పని కాదు అంటే ఆవిడకి ఎక్కలేదు. చివరికి తిరుచానూరు అమ్మవారి దగ్గర రాజీ కుదిరింది.

తిరువళ్ళూరు, తిరుత్తణి దాటేదాకా మావాడు కిటికీలోంచి కనిపించిన బోర్డల్లా పైకి చదువుతూనే ఉన్నాడు. టీ కొట్టు, సిమెంటు ప్రకటన, పార్టీ పోస్టరు, ఏదీ వదల్లేదు. నేను కూడబలుక్కునేలోపు కారు ముందుకెళ్ళిపోతుంది, వాడు మాత్రం గడగడా చదివేస్తాడు. నగరి దగ్గర పడేసరికి బోర్డులు తెలుగులోకి మారాయి, వాడి గొంతు ఆగిపోయింది. ఫోను తీశాడు. ఇప్పుడు నేను చదవడం మొదలుపెట్టాను, అడగకపోయినా. ఈ తిరుత్తణి 1960 ఏప్రిల్ దాకా ఆంధ్రలోనే ఉండేదిరా, సరిహద్దుల సర్దుబాటులో మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది అని కూడా చెప్పాను. అత్తయ్య అందుకున్నారు: "మద్రాసే మనది కావలసింది. పొట్టి శ్రీరాములుగారు ప్రాణం పోగొట్టుకున్నది మైలాపూరులోనే కదా. 1953లో రాష్ట్రం వచ్చింది, ఊరు పోయింది." ఆవిడ ఈ మాట చెప్పిన ప్రతిసారీ నాకూ ఒంట్లో ఏదో పొంగుతుంది. ఆ మద్రాసులోనే ఇల్లు కొనుక్కుని, ఈఎమ్ఐ కడుతూ, ఇక్కడి నీళ్ళు తాగుతూ ఆ పొంగు ఏమిటో నాకే తెలియదు.

చంద్రగిరి కోటలోని రాజమహల్ బయట నుంచి చూస్తే ఎవరికైనా నచ్చుతుంది. వెనక రాతికొండ, ముందు మూడంతస్తుల భవనం, పైన గోపురాల్లాంటి శిఖరాలు. చెక్క వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. లోపల పురావస్తు శాఖవారి మ్యూజియం. మావాడు గోడకి అరచెయ్యి ఆనించి "ఏసీ వేసినట్టుందే" అన్నాడు. ఆ రోజు మొత్తంమీద వాడంతట వాడు మెచ్చుకున్నది అదొక్కటే.

నేను అక్కడే నా పాఠం మొదలుపెట్టాను. 1565లో తళ్ళికోట యుద్ధం పోయాక విజయనగర రాజులు హంపి వదిలి పెనుకొండకి, అక్కణ్ణుంచి చంద్రగిరికి, తరవాత వేలూరుకి మారారు అన్నాను. "మనలాగే ఇళ్ళు మారారన్నమాట" అన్నాడు. సరే అని అసలు విషయానికొచ్చాను. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు సముద్రపొడ్డున జాగాని ఫ్రాన్సిస్ డే అనే ఇంగ్లీషు కంపెనీ మనిషికి ఇచ్చాడు. ఆ నాయకుడి పై ప్రభువులు ఈ చంద్రగిరి రాజులే. 1645లో మూడో శ్రీరంగరాయలు దాన్ని మళ్ళీ ఖాయం చేశాడు. వెంకటాద్రి తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం అయిందని ఎక్కువమంది చెప్పే మాట. మీ బళ్ళో ఆగస్టు 22న మద్రాస్ డే చేస్తారే, అది ఈ ఒప్పందం పుట్టినరోజే. నువ్వు "చెన్నై వాణ్ణి" అంటున్నావే, ఆ పేరు కూడా మన తెలుగు నాయకుడి నాన్నదే!

ఈ చివరి మాట కోసమే కారు మాట్లాడానని చెప్పాలి. దారి పొడుగునా దాచుకున్నాను.

వాడు కాసేపు ఆలోచించాడు. "అయితే ఊరు ఇచ్చేసింది మనవాళ్ళే కదా. మరి నానమ్మకి తమిళవాళ్ళ మీద కోపం దేనికి?"

అత్తయ్య వినిపించనట్టు కొండ వైపు తిరిగారు. మా ఆయన నవ్వు ఆపుకోవడానికి నీళ్ళ సీసా మూత తిప్పుతూ నిలబడ్డారు. నేను "అలా కాదురా" అని మొదలుపెట్టి, ఎలానో చెప్పలేక, మ్యూజియం మూసేస్తారు పద అన్నాను.

తిరుగు ప్రయాణంలో ఇంకొకటి జరిగింది. మావాడు ముందు సీట్లో కూర్చుని డ్రైవరుతో తమిళంలో క్రికెట్ మాట్లాడుతున్నాడు. ఇంటి నుంచి అతనికి ఫోనొచ్చింది. చూస్తే తెలుగు! పొద్దుటి నుంచి అతనితో మేమంతా వచ్చీరాని తమిళంలోనే వేగాం. "ఇంట్లో తెలుగే మేడం. చదివేకి రాదు. మా అవ్వా తాతా కాలం నించీ ఇదే మాట" అన్నాడు. వాళ్ళది తిరువళ్ళూరు వైపు పల్లె. విజయనగరం, నాయకుల కాలంలో దక్షిణాదికి వెళ్ళి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు బోలెడు. వాళ్ళకి క్లాసులు లేవు, పుస్తకాలు లేవు, "మద్రాసు మనదే" అన్న గొడవా తెలిసినట్టు లేదు. బోర్డులు తమిళంలోనే చదువుకుంటారు. మాట మాత్రం ఇన్ని తరాలు నిలబడింది. అత్తయ్య అతని యాస విని మురిసిపోయారు. మావాడు "అన్నా, దీన్ని మీ తెలుగులో ఏమంటారు?" అని ఒక్కోటీ అడగడం మొదలుపెట్టాడు. నన్ను ఏనాడూ అడగని ప్రశ్న. కుళ్ళుకున్నాను, దాచుకోవడమెందుకు.

ప్రవాసంలో పిల్లలకి భాష నేర్పించాలంటే ఇలా చెయ్యండి, అలా చెయ్యండి అని నేను బంధువుల పెళ్ళిళ్ళలో బాగానే చెబుతుంటాను. ముందు చదవడం రావాలి, తరవాతే మిగతావి అంటాను. ఆ డ్రైవరు కుటుంబాన్ని చూశాక అదే మాట అనగలనో లేదో. కానీ చదవడం రాకపోతే రేపు వీడి పిల్లలకి ఏం మిగులుతుంది? అతని పల్లెలో ఊరంతా ఆ మాటే మాట్లాడుతుంది కాబట్టి నిలిచిందేమో, మా అపార్ట్‌మెంట్లో తెలుగు మా తలుపు దాకానే కదా.

ఆన్‌లైన్ క్లాసుకి వచ్చే మూడు నెలల ఫీజు కట్టాలా వద్దా అని నిన్న మా ఆయన అడిగారు. కట్టమన్నాను. టైము మాత్రం మ్యాచ్ అయ్యాక సాయంత్రానికి మార్పించమన్నాను.