సదరం నుంచి నిరామయ దాకా, మా వాడి కోసం తిరిగిన తిరుగుడు

మా వాడికి సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు, కదలికలు అదుపులో లేకపోవడం) అండి, ఏడో ఏడు నడుస్తోంది. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా వైపు ఇలాంటి పిల్లలున్నోళ్ళు చాలామంది ముందు ఏ ఆఫీసుకెళ్ళాలో తెలీక ఆగిపోతున్నారు, అందుకే రాస్తున్నా.

అందరూ ఫస్ట్ చెప్పేది సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో ప్రభుత్వ డాక్టర్లు చూసి ఇచ్చేది. సచివాలయంలో స్లాట్ బుక్ చేస్తే ఏ హాస్పిటలో, ఏ రోజో మెసేజ్ వస్తుంది. మాకు దానికన్నా ముందు ఆధార్ దగ్గరే ఆగిపోయింది. ఐదేళ్ళు నిండాక పిల్లల వేలిముద్రలు, కళ్ళు ఇచ్చి అప్‌డేట్ చేయించాలి కదా, మా వాడి గుప్పిళ్ళేమో ఎప్పుడూ బిగుసుకునే ఉంటాయి, ఒక్కో వేలూ విప్పి మిషన్ మీద పెట్టేలోపే మళ్ళీ ముడుచుకుపోతుంది, ఆధార్ సెంటర్ కుర్రాడేమో "పడట్లేదమ్మా, రేపు రండి" అంటాడు. రేపొస్తే వేళ్ళు తెరుచుకుంటాయా ఏంటి! ఇలాంటోళ్ళ కోసం బయోమెట్రిక్ ఎక్సెప్షన్ అని ఆప్షన్ ఉందండి, మీరే గట్టిగా అడగాలి. వేరే సెంటర్లో అతను ఫోటో, కళ్ళు తీసుకుని కాసేపట్లో పంపించేశాడు.

సదరం రోజు ఇంకో తమాషా. పొద్దున్నుంచీ జనంలో ఏడ్చి ఏడ్చి సరిగ్గా మా పిలుపొచ్చే టైముకి వాడు నిద్రపోయాడు. డాక్టరుగారు చెయ్యి లేపి చూశారు, లేపితే ఏడుపు, ఇంకేం చూస్తారు. మావారి ఫోన్లో వాడు కూర్చోలేక పక్కకి ఒరిగిపోవడం, అన్నం మింగడానికి పడే పాట్లు వీడియోలు ఉన్నాయి, అవి చూశాకే పాత రిపోర్టులు తిరగేసి పర్సంటేజీ వేశారు. నలభై శాతానికి తగ్గితే చాలా స్కీములు రావు కాబట్టి వీడియోలు మాత్రం తీసుకెళ్ళండి. టెంపరరీ అని ఇస్తే గడువు ఎప్పటిదాకానో కూడా అక్కడే చూసుకోండి.

కానీ నన్నడిగితే సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగకుండా ముందు మండలంలో భవిత సెంటర్‌కి వెళ్ళమంటా. ఇలాంటి పిల్లలకి చదువు, ఫిజియోథెరపీ ఉండే చోటు అది, ప్రభుత్వ బడుల పథకం సమగ్ర శిక్ష వాళ్ళది, ఫ్రీ. మమ్మల్ని సర్టిఫికెట్ అడగలేదు, పేరు రాసుకుని చేర్చుకున్నారు. ఫిజియో వచ్చే రోజు తల్లులందరం వరండాలో బెంచీ మీద కూర్చుంటాం, నిజం చెప్పాలంటే నాకు ఏ ఆఫీసులోనూ దొరకని సలహాలు ఆ బెంచీ మీదే దొరికాయి. రాలేని పిల్లలకి ఇంటికొచ్చి చెప్తారని, తీసుకొచ్చేవాళ్ళకి ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్ ఉంటుందని, నలభై శాతం దాటినోళ్ళకి 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఫ్రీగా చదువు చెప్పాలని 2016 వికలాంగుల హక్కుల చట్టంలోనే ఉందని అక్కడి టీచరుగారు చెప్పారు. మా అత్తయ్యగారు అంతర్వేది మొక్కు తీరిస్తే నడుస్తాడంటారు, మొక్కు తీర్చాం, కానీ ఫిజియో మాన్లేదు.

నిరామయ ఇన్సూరెన్స్ గురించి చెప్పింది కూడా మామిడికుదురు నుంచొచ్చే ఒక అక్క. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ళది, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించి వైకల్యాలు ఉన్నోళ్ళకి ఏడాదికి లక్ష దాకా, థెరపీ ఖర్చు కూడా వస్తుంది. "బిల్లు లేకుండా ఎవరికీ రూపాయి ఇవ్వకే, చీటీ ముక్కయినా దాచు" అంది. అప్పట్నుంచీ బీరువాలో ఒక బిస్కెట్ డబ్బా బిల్లులకే.

పెన్షన్‌కి అప్లై చేశాం, నెలకి 6000 వచ్చే వికలాంగుల లిస్టులో ఇంకా పేరు రాలేదు, సచివాలయంలో అడుగుతూనే ఉన్నా. మొన్న వికలాంగులకి పరికరాలిచ్చే కేంద్రం వాళ్ళ అడిప్ స్కీం క్యాంపులో సీపీ (సెరిబ్రల్ పాల్సీ) చైర్‌కి కొలతలు తీశారు. చైర్ చేతికొచ్చేసరికి టైం పడుతుంది, పిల్లలేమో ఎదుగుతుంటారు, కాబట్టి కొలతలు తీసేటప్పుడే సైజు కాస్త పెద్దది రాయమని అడగండి, మేం అడిగితే రాశారు.