‘ఇటు’ అంటే ఎటు?

పదో తరగతిలో నేను క్లాస్ లీడర్ని. అందరికంటే గొంతు పెద్దదని ఇచ్చిన పదవి అది. ఆ గొంతు ఎందుకూ కొరగాదని తేలింది మాత్రం గ్రౌండులో, ఒక తాడు దగ్గర.

డ్రిల్లు మాస్టారు పదిమందికి కళ్ళకు గంతలు కట్టించి, పొడుగాటి తాడు ఒకటి గడ్డిలో పడేశారు. “వెతికి పట్టుకుని చతురస్రం చెయ్యండి” అన్నారు. తాడైతే దొరికింది. ఇక నేను అందుకున్నాను. “ఇటు రండి! నువ్వు అటు పో! ఒరే, ఇటు లాగరా!” గంతలు కట్టుకున్నవాడికి ‘ఇటు’ అంటే ఎటు? నాకు తట్టనే లేదు. గుడ్డ చెమటకి తడిసి ముక్కుకి అంటుకుంటోంది, తాడు పీచు అరచేతుల్లో గుచ్చుకుంటోంది, అందరం ఒకేసారి అరుస్తున్నాం. చివరికి విప్పి చూస్తే మూడు మూలలూ ఒక పొట్టా ఉన్న ఆకారం.

మాస్టారు తిట్టలేదు. కూర్చోబెట్టి, “ఎవరి మాట వినబడలేదురా?” అని అడిగారు. కాసేపటికి మన కళ్ళద్దాలవాడు (పేరు రాస్తే తంతాడు) “నేను మూడుసార్లు చెప్పాను సార్” అన్నాడు. తాడు కొసలు రెండూ కలిపి ముడేసి, సగానికి మడిచి, మళ్ళీ సగానికి మడిస్తే నాలుగు మడతలే నాలుగు మూలలు. మడతకొకడు పట్టుకుని తాడు బిగిసేదాకా వెనక్కి నడవాలి. మూలమట్టం కుదరకపోయినా భుజాలైనా సమానంగా వస్తాయి. వాడు ఇదంతా నా పక్కనే నిలబడి చెప్పాడట.

రెండోసారి తలా ఒక అంకె పెట్టుకున్నాం. “మూడు, నా గొంతు వైపు రెండడుగులు.” “మూడు, రెండడుగులు వస్తున్నా.” విన్నది తిరిగి చెప్పాకే కదలడం. చతురస్రం వచ్చింది.

మర్నాడు వెనక్కి పడే ఆట. మాస్టారు పడడం కంటే ముందు పట్టుకోవడం నేర్పారు. ఎదురెదురుగా రెండు వరసలు, ఒక కాలు ముందుకి, మోకాళ్ళు కాస్త వంచి, అరచేతులు పైకి, ఎదుటివాడి చేతుల మధ్య మన చేతులు. పడేవాడు చేతులు గుండెలమీద కట్టుకుని కర్రలా ఉండాలి. “సిద్ధమా?” “సిద్ధం.” “పడుతున్నా.” “పడు.” ఇందులో ఒక్క మాట తగ్గినా ఆట ఆపేసేవారు. నడుము వంచితే బరువంతా ఇద్దరి మీదే పడుతుందని కూడా చెప్పారు. నేను సరిగ్గా నడుమే వంచాను. పైగా చెయ్యి విదిలించాను. మోచెయ్యి తగిలి, పట్టుకునే వరసలో ఉన్న మన కళ్ళద్దాలవాడి అద్దాలు ఎగిరిపోయాయి. వాడి చేతులు మాత్రం నా కింద నుంచి కదల్లేదు.

ఇలాంటి శిక్షణకి పేరుపడ్డ ‘ఔట్‌వర్డ్ బౌండ్’ బడి 1941లో వేల్స్‌లోని అబెర్డోవీలో మొదలైందని తర్వాత చదివాను. విద్యావేత్త కుర్ట్ హాన్, నౌకా వ్యాపారి లారెన్స్ హోల్ట్ కలిసి పెట్టారు. యుద్ధంలో ఓడలు మునిగినప్పుడు కుర్రనావికులు తట్టుకోలేకపోతున్నారన్న బెంగే దానికి కారణమట. రేవు వదిలి బయల్దేరే ఓడని ‘ఔట్‌వర్డ్ బౌండ్’ అంటారు, బడి పేరు అదే.

ఉద్యోగంలో చేరాక ఒకచోట టీమ్ బిల్డింగ్ పేరుతో బల్లెక్కి వెనక్కి పడమన్నారు. పట్టుకునేవాళ్ళకి ఎవరూ ఏమీ నేర్పలేదు. “‘సిద్ధం’ అనేదెవరు?” అని అడిగాను. సమాధానం రాలేదు, నేను ఎక్కలేదు. నాకు మనుషుల మీద నమ్మకం లేదని ఇప్పటికీ అక్కడ చెప్పుకుంటారు.

కళ్ళద్దాలవాడా, ఈ సంచిక నీ చేతికొస్తే ఆ విరిగిన ఫ్రేము బాకీ సంగతి గుర్తుచెయ్యి. ఈసారి మూడుసార్లు చెప్పక్కర్లేదు.