బావ అన్న మాట

పదకొండున్నర దాటింది, పొద్దున్నే స్కూలుంది, అయినా నిద్ర రావట్లేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర బావ అన్న మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది, అది ఇక్కడ రాసేస్తే గాని కన్ను మూతపడేలా లేదు.

తాతయ్య తద్దినానికి సోంపేట వెళ్ళాం. గారెలు, పనసకాయ కూర, అత్తయ్య చేతి పులుసు, అన్నీ బాగున్నాయి. విస్తర్ల దగ్గర ఎవరో వారసత్వ పన్ను సంగతి ఎత్తారు, బావ అందుకున్నాడు. "అమెరికాలో 55 శాతం పట్టుకుపోతారట. ఇక్కడా పెడితే మనలాంటోళ్ళం ఏటైపోవాల? కష్టపడి సంపాదించుకున్నది గవర్నమెంటుకెందుకివ్వాల?" అన్నాడు. అందరూ తలూపారు, ఈయన కూడా. నేనూ ఊపాను, అదే ఇప్పుడు నన్ను తినేస్తోంది.

తిరిగి వస్తుంటే పలాస దాటేదాకా బావదే కరెక్టనిపించింది. శ్రీకాకుళంలో మా కాలనీలోనే చూడండి, ఎప్పుడో గుడ్డిగా కొన్న రెండొందల గజాలు ఇవాళ ఎంత పలుకుతోందో. ఆ ఇల్లు కొడుక్కొస్తే కాగితం మీద అతను లక్షాధికారి, చేతికొచ్చే జీతం మాత్రం పాతికవేలు. రేటు పది శాతమే అనుకున్నా అన్ని లక్షలు నోటు రూపంలో ఎక్కణ్ణించి తెస్తాడు, గోడ పగలగొట్టి ఇటుకలు కడతాడా? అమ్ముకోవాల్సిందే.

ఇంటికొచ్చాక ఫోన్‌లో చదువుతూ కూచున్నాను. 2024 ఎన్నికలప్పుడు ఈ 55 శాతం గొడవ ఎంత నడిచిందో మీకూ గుర్తుండే ఉంటుంది. తీరా చూస్తే అమెరికా కేంద్ర ప్రభుత్వం వేసే దాంట్లో పైమెట్టు 40 శాతం, అదీ ఆ ఏడాది లెక్కకి ఒక మనిషి ఆస్తి కోటీ ముప్పై ఆరు లక్షల డాలర్లు దాటితేనే. మన డబ్బుల్లో వంద కోట్ల పైమాటే. మా చుట్టాలందరి ఆస్తులూ పోగేసినా అందులో మూలకి రావు. మన దగ్గరా 1953 నుంచి ఎస్టేట్ డ్యూటీ అని ఇలాంటి పన్నే ఉండేదట, పెద్ద ఆస్తుల మీద రేటు 85 శాతం దాకా వెళ్ళింది, 1985 బడ్జెట్లో అప్పటి ఆర్థిక మంత్రి వీపీ సింగ్ తీసేశారు. ఏడాదికి వచ్చేది 20 కోట్లే, వసూలు చేయడానికయ్యే ఖర్చుకి అది గిట్టట్లేదని చెప్పారు. 85 శాతం రేటు పెట్టినా దేశం మొత్తం మీద 20 కోట్లే వచ్చాయంటే ఉన్నవాళ్ళు ఎలాగోలా తప్పించుకున్నారనే కదా. అది చదివాక బావ మీద కోపం మొదలైంది. మనకి తగలని దానికి మన పేరు చెప్పుకుని ఏడవడం ఎందుకు?

కానీ అసలు కోపం పన్ను గురించి కాదని తర్వాత తెలిసింది. "కష్టపడి సంపాదించుకున్నది" అన్నాడు చూడండి, అక్కడ. ఇప్పుడు వాళ్ళ చేతిలో ఉన్న తోట కొన్నది తాతయ్య. బావ కాదు, బావ వాళ్ళ నాన్న, మా మావయ్యా కాదు.

1995. నాకు పదేళ్ళు. తాతయ్య పోయి ఏడాది. మావయ్య అమ్మనీ పిన్నినీ రిజిస్ట్రార్ ఆఫీసుకి తీసుకెళ్తే నేనూ వెంటపడ్డాను. చింతచెట్టు కింద దస్తావేజులు రాసే ఆయన కళ్ళజోడు ముక్కు మీదకి దించుకుని గడగడా చదివాడు, "సదరు ఆస్తియందు నాకు గాని నా వారసులకు గాని ఇకమీదట ఏ విధమైన హక్కును లేదు" అని. వారసులంటే ఎవరమ్మా అనడిగాను. "నువ్వేనే" అంది అమ్మ. నా మట్టుకు నాకు నా పేరేదో కాగితంలో ఎక్కినట్టు సంతోషపడ్డాను కూడా. అమ్మ ఎనిమిది దాకా చదివింది, సంతకం పెట్టగలదు, అయినా వేలిముద్ర కూడా వెయ్యాలన్నారు. వేసి, ఆ నీలం సిరాని చెవి వెనక నూనె జుట్టులో రాసుకుని తుడిచేసుకుంది. తర్వాత హోటల్లో ఇడ్లీ, ఒక్కొక్కరికీ ఒక చీర. అంతే.

ఆ రోజు మావయ్య అన్నది అమ్మ ఇప్పటికీ చెప్తుంది, "ఎన్టీఆర్ చట్టం నీకు తగల్దు అప్పా, అప్పటికే నీ పెళ్ళైపోనాది" అని. ఆడపిల్లలకి కుటుంబ ఆస్తిలో భాగం ఇచ్చిన ఆ చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి, అదీ అప్పటికి పెళ్ళికానివాళ్ళకే, ఆ మాట నిజమే. కానీ అది ఉమ్మడి ఆస్తి సంగతి. తాతయ్య తోట సొంత కొనుగోలు, విల్లు రాయలేదు, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారమే కూతుళ్ళకీ కొడుకుతో సమానంగా భాగం వస్తుంది. వస్తుంది కాబట్టే సంతకం కావాల్సొచ్చింది, హక్కే లేకపోతే ఆటో కట్టించుకుని అంత దూరం ఎందుకు తీసుకెళ్తారు? ఇన్నేళ్ళూ ఈ ఒక్క ప్రశ్న మా ఇంట్లో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఆరెకరాల్లో మూడో వంతంటే రెండెకరాలు అమ్మ చేతిలోంచి పోయాయి. గవర్నమెంటు పైసా తీసుకోలేదు. అది దోపిడీ అని ఏ విస్తరి దగ్గరా ఎవరూ అనరు.

ఇక్కడిదాకా రాసి మంచినీళ్ళు తాగొచ్చాను. మావయ్య మొహం గుర్తొచ్చింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చిన మర్నాడు ఫోన్ చేసి మాట్లాడలేకపోయాడు, ఒకటే ఏడుపు. కొబ్బరి చెట్లు వేళ్ళతో సహా పడుకున్నాయి, జీడి మామిడి మిగల్లేదు, మళ్ళీ నాటితే కాపు రావడానికి ఎన్నేళ్ళో. అలాంటి ఏడాది మనిషి పోయి, పన్ను కట్టమని నోటీసొస్తే? సోంపేట చుట్టుపక్కల ఈ ఉద్దానం తోటల్లో ఎవరు కట్టగలరు? నేను పన్ను వైపు మాట్లాడుతున్నానా, బావ వైపు మాట్లాడుతున్నానా అని నాకే అయోమయంగా ఉంది.

ఇప్పటికి నాకనిపించేది ఇది, రేపు మారొచ్చు. పన్ను పెట్టడం అన్యాయం కాదు, గీత ఎక్కడ గీస్తారన్నదే భయం, గీసింది కదపకపోతే ఇంకా భయం. బ్రిటన్‌లో 3,25,000 పౌండ్లు దాటితే 40 శాతం అని పెట్టారు, సొంతిల్లు పిల్లలకిస్తే కొంత అదనపు మినహాయింపు కూడా ఉందట, కానీ ఆ మొదటి అంకె 2009 నుంచీ అలాగే ఉంది. ఇళ్ళ ధరలు పెరిగిపోతే ఒకప్పుడు గీత కింద ఉన్న ఇల్లు కూర్చున్న చోటే గీత పైకెక్కుతుంది. ఇక్కడా ఎప్పుడైనా పెడితే ఉంటున్న ఇల్లు, దున్నుకునే పొలం వదిలెయ్యాలి, మిగతాదానికి గీత ధరలతో పాటు ఏటా కదలాలి. చనిపోయినవాళ్ళ మొత్తం ఆస్తి మీద కాకుండా ఒక్కొక్కరికి ఎంత ముట్టిందో దాని మీద వెయ్యాలి. అలాగైతే నలుగురికి పంచిన ఇంటి మీద తక్కువ పడుతుంది, ఒక్కడే పట్టుకుపోయిన చోట ఎక్కువ పడుతుంది. బావతో ఈ మాటే అనాల్సింది. తలూపి ఊరుకున్నాను.

పక్కగదిలో అమ్మ ఇంకా పడుకోలేదు. వెళ్ళి అడిగాను, ఆ రోజు సంతకం ఎందుకు పెట్టావమ్మా అని.

"పెట్టకపోతే తద్దినానికి పిలుస్తాడేటే?" అంది.

ఇంకేం అడగలేకపోయాను. వరండాలో మావయ్య డిక్కీలో పెట్టించిన గోనెసంచి అలాగే ఉంది, వచ్చీ రాగానే అమ్మ లెక్కపెట్టింది, ఇరవై రెండు కొబ్బరికాయలు. "తుపానుకి మిగిలిన సెట్లవి, మా నాన్న నాటినవి" అని, పక్కింటి వాళ్ళకి ఇవ్వడానికి నాలుగు విడిగా తీసిపెట్టింది.