నాన్న ఫోన్‌లో టైమ్ పది నిమిషాలు ముందుంది

పోయిన నెల నాన్న మెయిల్‌లోకి ఎవరో లాగిన్ అవ్వబోయారని హెచ్చరిక వచ్చింది. పాస్‌వర్డ్ ఏమో మా ఇంటిపేరు, పక్కన ఆయన పుట్టిన సంవత్సరం! పెన్షన్ కాగితాలు, బ్యాంకు వివరాలు అన్నీ ఆ మెయిల్‌కే వస్తాయి, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆదివారం ఊరెళ్లి ముందు పాస్‌వర్డ్ మార్చేశాను, తర్వాత రెండో తాళం కూడా, అంటే టూ-స్టెప్ వెరిఫికేషన్, వేద్దామని ఇద్దరం కూర్చున్నాం.

"పాస్‌వర్డ్ ఉందిగా, మళ్లీ ఇదెందుకురా?" అన్నారు. ఏటీఎం గుర్తుచేశాను. కార్డు చేతిలో ఉండాలి, పిన్ మనసులో ఉండాలి, రెండిట్లో ఒకటే దొరికితే దొంగకి డబ్బు రాదు. ఇదీ అంతే. మనకి తెలిసింది, మన దగ్గరున్నది, వేలిముద్రలా మన ఒంటి మీదే ఉన్నది, ఈ మూడిట్లో కనీసం రెండు రకాలు అడుగుతుంది. రెండు పాస్‌వర్డ్‌లు పెట్టుకుంటే మాత్రం అది ఒక రకమే.

ఎస్ఎంఎస్ ఓటీపీ అసలేమీ లేకపోవడం కంటే నయమే, కానీ ఎవడైనా మన నంబర్ మీద డూప్లికేట్ సిమ్ తీసుకుంటే ఓటీపీలన్నీ వాడికే పోతాయి. అందుకే లాగిన్ కోడ్‌లని ఫోన్‌లోనే తయారుచేసే అథెంటికేటర్ యాప్ పెట్టాను. లాప్‌టాప్‌లో వచ్చిన క్యూఆర్ కోడ్‌ని నాన్న ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆరంకెలు వచ్చాయి, కొట్టాను, తప్పంది. మళ్లీ కొట్టాను. తప్పే. టెన్షన్‌లో నేనే పొరపాటు చేస్తున్నానేమోనని నాన్న ఒక్కో అంకె చదువుతుంటే టైప్ చేశాను, అయినా అంతే.

పావుగంట తర్వాత గోడ గడియారం చూస్తే అర్థమైంది. బస్సు తప్పిపోకూడదని నాన్న ఫోన్‌లో టైమ్ పది నిమిషాలు ముందుకి పెట్టుకుంటారు, ఏళ్ల నాటి అలవాటు. ఈ కోడ్‌లు ఎక్కడినుంచో రావు, వీటికి నెట్ కూడా అక్కర్లేదు. క్యూఆర్ కోడ్‌లో ఉన్న రహస్య కీ ఒకటి ఫోన్‌లోనూ మెయిల్ కంపెనీ సర్వర్‌లోనూ ఉంటుంది, దాన్ని అప్పటి టైమ్‌తో కలిపి ఎవరికి వారు లెక్కకట్టుకుంటారు, మామూలుగా 30 సెకన్లకోసారి కోడ్ మారిపోతుంది. కాస్త తేడా ఉంటే సర్వర్ సర్దుకుంటుంది గానీ, పది నిమిషాలంటే మేం 20 కోడ్‌లు ముందున్నాం! సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ టైమ్ ఆన్ చేశాక మొదటిసారికే తీసుకుంది.

చివర్లో బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది, దయచేసి వాటిని వదిలేయకండి, ఫోన్ పోయిన రోజు లోపలికి వెళ్లడానికి అవే దారి. నాన్న వాటిని కాగితం మీద రాసి, పొలం పాసుపుస్తకంలో మడిచి బీరువాలో పెట్టారు. ఎవరు ఫోన్ చేసి అడిగినా ఏ కోడూ చెప్పొద్దని రెండుసార్లు చెప్పాను.

బస్సు కోసం ఇప్పుడు గోడ గడియారాన్ని పది నిమిషాలు ముందుకి తిప్పుకున్నారు.