అద్దె ఒప్పందం మీద ఒక సంతకం: నా గ్రూప్-4 ప్రిపరేషన్ అనుభవం

తోటి అభ్యర్థులకు నమస్కారం. తెలంగాణ గ్రూప్-4 ఉద్యోగ పరీక్ష రాసి జూనియర్ అసిస్టెంటుగా ఎంపికైన తర్వాత, ఏ పుస్తకాలు చదివారు, రోజుకు ఎన్ని గంటలు చదివారు అని చాలామంది అడిగారు. తెలుగు అకాడమీ పుస్తకాలు, ఆరు నుంచి పది వరకు బడి పుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు: అందరూ చదివేవే నేనూ చదివాను. అయితే అవే పుస్తకాలతో 2022 ఆగస్టులో ఒక పరీక్ష తప్పి, 2023 జూలైలో మరొకటి గట్టెక్కాను. ఆ పది నెలల్లో ఏం మారిందని ఆలోచించినప్పుడల్లా, నా మనసు పుస్తకాల మీదికి కాక, అప్పుడు నేను తలదాచుకున్న చోటు మీదికే పోతుంది.

ఏడేళ్లప్పుడు అమ్మానాన్నలు పోవడంతో పద్దెనిమిది నిండేదాకా బాలికల హోమ్‌లో పెరిగాను. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం హోమ్ నుంచి బయటికి వచ్చినవారికి ఇరవై ఒక్క ఏళ్ల వరకు ‘ఆఫ్టర్ కేర్’ కింద సహాయం అందుతుంది. నా డిగ్రీ దాని మీదే పూర్తయింది. 2022 జూన్‌లో ఇరవై ఒకటి నిండాయి, సహాయం ఆగిపోయింది. ఆ తర్వాత మూడు నెలల్లో మూడు చోట్లు మారాను. ఆగస్టు 28న కానిస్టేబుల్ ప్రిలిమినరీ పరీక్ష. ముందు రోజు సాయంత్రం, రెండు వేల రూపాయల బకాయి ఉందని నేనున్న ప్రైవేటు హాస్టల్‌వాళ్లు నా ట్రంకు పెట్టెను ఆఫీసు గదిలో పెట్టి తాళం వేశారు. హాల్ టికెట్ అందులోనే ఉండిపోయింది. రాత్రి తొమ్మిది గంటలకు జిరాక్సు షాపులో మరో ప్రతి తీయించుకున్నాను కానీ, మర్నాడు లెక్కల ప్రశ్నల దగ్గర నా ధ్యాసంతా ఆ పెట్టె చుట్టూనే తిరిగింది. అర్హతకు మూడు మార్కులు తగ్గాయి.

ఫలితం తెలిశాక హోమ్‌లో మమ్మల్ని పెంచిన మేడమ్‌కు ఫోన్ చేశాను. ఆమె ఓదార్చలేదు, ‘రేపు పొద్దున్నే కాగితాలన్నీ పట్టుకుని రా’ అన్నారు. ప్రత్యేక పరిస్థితుల్లో ఆఫ్టర్ కేర్‌ను ఇరవై మూడేళ్ల వరకు పొడిగించవచ్చని ఆ చట్టం కింద 2016లో వచ్చిన నమూనా నియమావళిలో ఉన్న సంగతి అంతవరకు నాకు తెలియదు. బాలల సంక్షేమ సమితికి దరఖాస్తు చేసుకున్నాం. జిల్లా బాలల పరిరక్షణ విభాగంవారు నా సంరక్షణ ప్రణాళికను కొత్తగా రాయించారు, అక్టోబరులో ఉత్తర్వు వచ్చింది. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద నెలకు 4,000 రూపాయలు. హైదరాబాద్‌లో ఆ డబ్బుతో దర్జాగా బతకలేము; నలుగురు కలిస్తే మాత్రం ఒక చిన్న పోర్షన్ తీసుకోవచ్చు. ముగ్గురు స్నేహితురాళ్లు, నేను అలాగే చేద్దామనుకున్నాం. మాలో ఎవరికీ పెద్దలు లేరు. ఇంటి యజమాని మాత్రం ‘మీ అమ్మానాన్నల్ని తీసుకురండి, మాట్లాడదాం’ అన్నారు. చివరికి ఒప్పందం మీద పెద్దల తరఫున మేడమ్ సంతకం చేశారు.

డిసెంబరు 1న గ్రూప్-4 నోటిఫికేషన్ వచ్చింది. పరీక్ష జూలై 1న. ఆ ఏడు నెలలూ ఒకే మంచం, ఒకే తాళంచెవి. పొద్దున చిక్కడపల్లి గ్రంథాలయంలో చోటు పట్టుకోవడం, మధ్యాహ్నం అయిదు రూపాయల భోజనం, సాయంత్రం ఇంటికి చేరడం. మొదటి పేపరు జనరల్ నాలెడ్జ్, రెండోది సెక్రటేరియల్ ఎబిలిటీస్, ఒక్కొక్కటి 150 ప్రశ్నలు. తెలంగాణ ఉద్యమ చరిత్ర మొదటి నుంచీ ఇష్టంగానే చదివాను. అంకగణితం, రీజనింగ్ మాత్రం గుండెల్లో దడ పుట్టించేవి. అందుకే రోజూ శ్రద్ధగా నలభై ప్రశ్నలు గడియారం పెట్టుకుని చేసేదాన్ని. ప్రతి ఆదివారం రాత్రి మేడమ్ ఫోన్ చేసి ఆ వారం మాక్ టెస్టు మార్కులు అడిగి తన డైరీలో రాసుకునేవారు. ఒక వారం 71 వస్తే 80 అని అబద్ధం చెప్పాను. తర్వాతి వారం 76 వచ్చింది, ‘తగ్గిందేం?’ అని ఆమె అడిగేసరికి నిజం ఒప్పుకోక తప్పలేదు. ఏ కోచింగ్ సెంటర్ ర్యాంకుల జాబితా కూడా నన్ను ఆ డైరీ అంతగా భయపెట్టలేదు.

హోమ్‌లలో పెరిగినవారు ఒక విషయం తప్పక గమనించాలి. పదేళ్లలోపు తల్లిదండ్రులను కోల్పోయి, చూసుకునేవారెవరూ లేక, ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన అనాథాశ్రమంలో చేరిన పిల్లలు మన రాష్ట్ర వెనుకబడిన తరగతుల జాబితాలో బీసీ-ఏ కిందికి వస్తారు. ఆ ధ్రువపత్రం కోసం ఒక కార్యాలయంలో నన్ను నాలుగుసార్లు తిప్పారు, తండ్రి కులం రాయనిదే దరఖాస్తు తీసుకోబోమన్నారు. హోమ్ ప్రవేశ రిజిస్టరు నకలు, సమితి ఉత్తర్వు మేడమ్ భద్రపరిచి ఉంచబట్టి పని జరిగింది. మీరు బయటికి వచ్చే ముందే ఈ రెండు కాగితాలూ అడిగి తీసుకోండి.

పరీక్ష అయ్యాక పరీక్ష మొదలైంది. తుది జాబితా 2024 నవంబరుకు గానీ రాలేదు; నాకు జూన్‌లోనే ఇరవై మూడు నిండి సహాయం ఆగింది. కొవిడ్‌లో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలకు పీఎం కేర్స్ ద్వారా ఇరవై మూడేళ్లకు పది లక్షల రూపాయలు అందే ఏర్పాటు ఉంది, మంచిదే; అంతకు ముందు అనాథలైనవారికి అలాంటిది ఎందుకు ఉండకూడదో నాకు అర్థం కాదు. ఆ అయిదు నెలలూ ఒక మందుల దుకాణంలో బిల్లులు కొట్టాను. నా వంతు అద్దెను ముగ్గురు స్నేహితురాళ్లూ రెండు నెలలు సర్దుకున్నారు, ఇల్లు మాత్రం మారలేదు.

మొన్న ఏప్రిల్‌లో ఆ పోర్షన్‌లోకి హోమ్ నుంచి ఇద్దరు చెల్లెళ్లు కొత్తగా వచ్చారు. యజమాని మళ్లీ పెద్దలెవరని అడిగారు. నా గుర్తింపు కార్డు నకలు ఇచ్చి, పెద్దల తరఫున నేను సంతకం చేశాను.