రెజ్యూమెలో ఒక్క వాక్యం

ఉద్యోగానికి దరఖాస్తు చేసేవారిలో చాలామంది రెజ్యూమె ఆకృతిపై పెట్టే శ్రద్ధలో సగమైనా అందులోని వాక్యాలపై పెట్టరని, నియామకాల కోసం వచ్చిన దరఖాస్తులు చదివే పని నాకు అప్పగించినప్పుడు అర్థమైంది. ఒక అభ్యర్థి "కస్టమర్ ఫిర్యాదుల విభాగం బాధ్యతలు నిర్వహించాను" అని మాత్రమే రాశాడు. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా రాయగలిగిన మాట అది. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే, రోజుకు 40 ఫిర్యాదులు వచ్చేవనీ, వాటిలో ఎక్కువ భాగం బిల్లులోని ఒక గడి అర్థంకాకపోవడం వల్లనేననీ, తాను పట్టుబట్టి దాన్ని మార్పించాక అవి 15కు తగ్గాయనీ చెప్పాడు. ఇంత మంచి సంగతిని కాగితం మీదికి రానివ్వనేలేదు!

అంకెలకు అందని పనులూ ఉంటాయి, నిజమే. అప్పుడు మొదట పరిస్థితి ఎలా ఉండేది, మీరు ఏం చేశారు, తరువాత ఏం మారింది అన్నవి రెండు వాక్యాల్లో చెప్పండి. ఇంటర్వ్యూలోనూ ఇదే వరుస పనికివస్తుంది. చాలా పెద్ద సంస్థల్లో దరఖాస్తులను ముందుగా సాఫ్ట్‌వేర్ వడపోస్తుంది కనుక, ప్రకటనలోని నైపుణ్యాల పేర్లను, అవి మీకు నిజంగా వచ్చినవైతేనే, అదే రూపంలో రాయడం మేలు. బొమ్మల్లో ఇరికించిన అక్షరాలను అది చదవలేకపోవచ్చు.

పదోన్నతి ఆశించేవారు ప్రతి శుక్రవారం పది నిమిషాలు కేటాయించి ఆ వారం పూర్తిచేసిన పనులను రాసిపెట్టుకోవాలి. జ్ఞాపకశక్తిని నమ్ముకుని వార్షిక సమీక్షకు వెళ్లిన మొదటి మూడేళ్లూ నాకు చివరి రెండు నెలల పనే గుర్తొచ్చింది.