లైట్లు వెలుగుతున్నాయిగా, ఇంకేం కావాలి?

పోయిన శ్రావణంలో మా బావ ఒక పాత ఫైబర్ బోటు కొన్నాడు. చిన్నదే, మధ్యలో గది, 2 ఫ్యాన్లు, 4 లైట్లు, బ్యాటరీకి ఛార్జరు, డ్రింకులకి ఓ బుల్లి ఫ్రిజ్. సఖినేటిపల్లి వైపు గోదారి పాయ వశిష్ఠ గట్టున కడతాడు. రాత్రిళ్లు కరెంటు ఎక్కడిదయ్యా అంటే గట్టు మీద తెలిసినాయన కొట్లోంచి లాగిన రెండు తీగల వైరు, మధ్యలో రెండు అతుకులు, వాటి మీద నల్ల టేపు.

ఓ సాయంత్రం నేను మోకాలి లోతు నీళ్లలో నిలబడి పడవ ఎక్కుదామని స్టీలు నిచ్చెన పట్టుకున్నాను. అరచెయ్యి జివ్వుమంది. చీమలు పాకినట్టుంది అంతే, పెద్దగా లాగలేదు కాబట్టి బతికాను.

"బావా, నిచ్చెన షాక్ కొడుతోంది."

"కొట్టడమేంట్రా, లైట్లన్నీ వెలుగుతున్నాయిగా!"

మోటార్లకి వైండింగ్ చేసే షాపు నాది. ఈ మాట వినని రోజు ఉండదు. ముందు కొట్లో స్విచ్ ఆపించి పడవలోకి దిగి చూస్తే, ఛార్జరు ఇనప డబ్బాని నిచ్చెన బిగించిన ఫ్రేముకే బోల్టు వేశారు. దాని మూడు పిన్నుల ప్లగ్గు రెండు పిన్నుల బాక్సులో పట్టడం లేదని పై పిన్ను కట్టర్‌తో కోసేశారు. ఆ పిన్నే ఎర్త్. లోపల ఎక్కడో తడికి లీకైన కరెంటుకి వెనక్కి పోయే తీగ లేదు, ఇక నిచ్చెనా, నేనూ, గోదారే దారి.

"కొట్లో ఎంసీబీ ఉందిగా, అది పడిపోదా" అన్నాడు బావ. పడదు. 16 ఆంప్స్ ఎంసీబీ అంటే లోడు మితిమీరితే పడిపోయే స్విచ్, అది వైరు కాలిపోకుండా కాపాడుతుంది, మనిషిని కాదు. 10 మిల్లీ ఆంప్స్, అంటే ఒక ఆంపులో వందో వంతు, దాటితే చాలామందికి చెయ్యి బిగుసుకుపోయి వదల్లేరు, అంతకి మూడు నాలుగు రెట్లయితే గుండె మీదకొస్తుంది. ఎంసీబీకి అదొక లెక్కే కాదు. మనిషిని కాపాడ్డానికి కావాల్సింది 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ పోల్చి, తేడా వస్తే రెప్పపాటులో కట్ చేస్తుంది. గట్టు మీద ఒకటి, పడవలో ఒకటి పెట్టించాను, నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కమన్నాను.

మనవాళ్లు తిరగేసి అనుకునేది ఇంకోటుంది. ఉప్పునీళ్లలోనే కరెంటు ప్రమాదం, మంచినీళ్లలో ఫర్వాలేదు అనుకుంటారు. ఈతగాడికి మంచినీళ్లే ఎక్కువ డేంజర్. మన ఒంట్లో ఉప్పుంది కాబట్టి మంచినీళ్ల కంటే ఒళ్లే కరెంటుకి సులువైన దారి. ఉప్పునీళ్లలో అయితే కరెంటు చాలావరకు మనిషిని వదిలేసి చుట్టూ ఉన్న నీళ్లలోంచే పోతుంది. వేసవిలో సముద్రప్పోటు ఎక్కి ఇక్కడ నీళ్లు ఉప్పగా ఉంటాయి, వరదొచ్చి ఎర్రనీళ్లు దిగగానే అదే రేవు తియ్యగా అయిపోతుంది, పిల్లలు ఈతకి దూకేదీ అప్పుడే. అందుకే పడవకి కరెంటు తగిలించి ఉన్నంతసేపూ దాని దగ్గర ఈత వద్దు. ఎవరైనా నీళ్లలో బిగుసుకుపోయినట్టు కనిపిస్తే దూకకండి, ముందు గట్టు మీద స్విచ్ ఆపండి, తాడో లారీ ట్యూబో విసరండి.

ఇక వైరు. పాతది పీకేసి రబ్బరు తొడుగున్న మూడు కోర్ల (లోపల ఎర్త్‌తో కలిపి మూడు తీగల) వైరు, 2.5 చదరపు మిల్లీమీటర్లది, ఒక్క అతుకూ లేకుండా వేశాం. రెండు చివర్లా వానకి తట్టుకునే నీలంరంగు ఇండస్ట్రియల్ ప్లగ్గులు. పోటుకి పడవ లేస్తుంది, పాటుకి దిగుతుంది కాబట్టి వైరుని తాడు కంటే వదులుగా కట్టాలి, లాగుడంతా తాడు మీదే పడాలి. అలాగని మిగిలిన వైరు చుట్టచుట్టి ఉంచితే లోడు మీద వేడెక్కుతుంది.

తగిలించే వరస బావకి మూడుసార్లు చెప్పాను. గట్టు స్విచ్, పడవ మెయిన్ రెండూ ఆపు. ముందు పడవ ప్లగ్గు, తర్వాత గట్టు ప్లగ్గు, అప్పుడు గట్టు స్విచ్. ఫేజు (కరెంటొచ్చే తీగ), న్యూట్రల్ (తిరిగెళ్లే తీగ) తారుమారు కాలేదని, ఎర్త్ ఉందని మూడు లైట్ల ప్లగ్ టెస్టర్‌తో చూసుకున్నాకే పడవ మెయిన్. తారుమారైతే స్విచ్ ఆపినా ఫ్యానులో కరెంటు ఉంటుంది. తీసేటప్పుడు మొత్తం వెనక నుంచి. ముందు గట్టుకి తగిలించామనుకోండి, చేతిలో కొస జారి నీళ్లలో పడితే అది కరెంటున్న కొస.

కొత్తది బిగించిన మూడో రోజే బావ ఫోన్. "ఒరేయ్, నీ ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతోంది, డైరెక్ట్ చేసేస్తా." ముట్టుకోవద్దని బండేసుకుని వెళ్లాను. ఒక్కో ప్లగ్గూ తీసుకుంటూ పోతే ఫ్రిజ్‌ది తీయగానే పడటం ఆగింది. వెనక వైరుని ఎలుక కొరికేసింది, రాగి కనిపిస్తోంది.